గండికోట చేలలో శీతకాలపు అతిథులు

వలసపక్షులను చూడవలెనన్న పులికాటు సరస్సునకో, నేలపట్టునకో, కొల్లేటికో పోవలెనని మనలో చాలామంది తలంపు. సముద్రతీరపు వారికి ఆ భాగ్యము కలదు, మన సీమలో రాళ్ళు తప్ప ఏమున్నవని రాయలసీమ రైతు సోదరులే పరిహాసమాడుట కద్దు. ఇది సరియైన తలంపు కాదు. శీతకాలమునకు ముందు ఉత్తరదేశములనుండి బయలుదేరు పక్షులలో నీటిని నమ్ముకొన్నవి కొన్ని, మెట్టపొలములను నమ్ముకొన్నవి కొన్ని. ఈ రెండవ రకమువానికి సముద్రముతో పనిలేదు. వానికి కావలసినది మన నల్లరేగడి, మన శనగచేను, మన గడ్డిబీడు.

ఈ అతిథులు మన చేలలో ఏమి చేయుచున్నవి? తినుచున్నది మన గింజనా, మన పురుగునా? ఈ ప్రశ్నకు కూర్చున్నచోటనుండి జవాబు చెప్పిన లాభము లేదు. అందుచేత నిరుడు కార్తీకమాసములో ఒక దినము, ఒక వ్యవసాయ సహాయకుని వెంటబెట్టుకొని, ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, రెండు పూటలకు సరిపడు సద్ది తీసికొని గండికోట ప్రాంతమునకు పోయితిమి. అక్కడ చూచిన సంగతులను, వానినుండి రైతులును గ్రామాధికారులును గ్రహింపదగిన విషయములను క్రింద వ్రాయుచున్నాము.

తెల్లవారుజామున కోటమీద

జమ్మలమడుగునుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. చీకటి ఉండగనే బయలుదేరి కోటవాకిలి దాటి, మసీదు ప్రక్కనున్న పెద్ద ధాన్యాగారమును చూచుకొని లోయ అంచునకు చేరితిమి. ఎర్రమల కొండలను కోసికొని పెన్న పారిన చోటిది. ఆ గండినిబట్టియే ఊరికి గండికోట యని పేరు. ఇప్పుడు కోటకు ఎగువన 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టు గండికోట జలాశయము, దిగువన మైలవరము జలాశయము కలవు. గాలేరు–నగరి పథకము క్రింద కృష్ణాజలములు అవుకు మీదుగా ఇచ్చటికి చేరుచున్నవి. ఒకప్పుడు వానకాలము దాటిన ఇసుక తప్ప కనబడని ఏరు నేడు ఏటిలో ఎక్కువ నెలలు నీటిని చూపుచున్నది. ఇందుకై ఎగువ ఊళ్ళవారు ఇండ్లను, పొలములను విడిచి లేచిపోవలసివచ్చిన సంగతిని కూడ మరువరాదు.

పాతకాలమున రాజులకు శత్రువెవరో కోటబురుజు మీదనుండియే కనబడెడివాడు. గింజను కొట్టులో పోసి తలుపు బిగించిన సరిపోయెడిది. నేటి రైతుకు అంత సులభముగా లేదు. చేలో తిరుగువానిలో శత్రువెవరో, మిత్రుడెవరో పోల్చుకొనుటయే కష్టముగానున్నది.

తూర్పు ఎరుపెక్కగానే బండలమీద సన్నని పిట్టలు రెండు దిగినవి. నలుపు తెలుపు రంగులు, నిమిషము తీరిక లేక తోకను పైకి క్రిందికి ఊపుచుండును. మన వాకిళ్ళలో ఏడాది పొడవునను కనబడు పెద్ద తోకూపు పిట్టకు ఇవి దాయాదులు. అయితే ఇవి హిమాలయములనుండియు, వాని ఆవలనుండియు వచ్చినవి. వీని రాకయే చలికాలమునకు మొదటి కబురు. మరికొంతసేపటికి లోయకు ఎదురుగా వీచు గాలిలో ఇటుకరంగు వీపుగల చిన్న డేగ ఒకటి రెక్కలు గబగబ ఆడించుచు, మేకు కొట్టినట్లు ఒకేచోట నిలిచినది. క్రింద గడ్డిలో కదలిక కనబడగనే రాయివలె పడి, గోళ్ళతో దేనినో పట్టుకొని బండమీదికి ఎగిరినది. దుర్భిణిలో చూడగా అది పెద్ద మిడుత.

ఎక్కడనుండి, ఎందుకు?

ఈ పక్షులు చలికి ఓర్వలేక వచ్చునని చెప్పుట వాడుక. నిజమునకు వానిని కదిలించునది చలికంటె ఆకలి. కజకిస్తాన్ గడ్డిమైదానములలోను, సైబీరియాలోను మంచు కప్పుకొనగానే పురుగు, మిడుత, ఎలుక ఏదియు దొరకదు. సరిగా అదే సమయమునకు మన దేశములో వానలు వెనుకబట్టి, గడ్డి ఎదిగి, అందులో మిడుతలు పెరిగి ఉండును. వరికోతలకు కూలివారు ఒక జిల్లానుండి మరొక జిల్లాకు పోవునట్లు, పని ఉన్నచోటికి ఈ పక్షులు ప్రయాణము కట్టును.

పగటికాలము తగ్గుటను గమనించి అవి ప్రయాణమునకు సిద్ధమగును. ఒంటికి కొవ్వు పట్టించుకొని బయలుదేరును. పగలు సూర్యుని, రాత్రి నక్షత్రములను, ఎల్లవేళల భూమి అయస్కాంతశక్తిని ఆధారము చేసికొని దారి తెలిసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సైబీరియానుండి హిందూమహాసముద్రము వరకు గల ఈ ఆకాశమార్గమునకు మధ్య ఆసియా వలసమార్గమని పేరు. ఇది సుమారు 30 దేశములమీదుగా పోవును. మన దేశములో పక్షుల కాళ్ళకు ఉంగరములు తొడిగి విడిచి, అవి ఎక్కడ తేలునో చూచు పనిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1959లో డాక్టరు సలీం అలీగారి ఆధ్వర్యమున పెద్దయెత్తున ప్రారంభించిరి. ఇప్పుడు చిన్న రేడియో యంత్రమును పక్షి వీపునకు కట్టి, అది ఏ దినము ఏ ఊరిమీద ఎగురుచున్నదో ఉపగ్రహము ద్వారా తెలిసికొనుచున్నారు.

శనగచేలో పిల్లిగద్ద

ఎండ ఎక్కినపిమ్మట కొండ దిగి నల్లరేగడి పొలములకు వచ్చితిమి. అక్టోబరులో విత్తిన శనగ అప్పటికి జానెడు ఎత్తున్నది. దూరమున పెద్ద పక్షి ఒకటి చేను అంచు వెంబడి మనిషి నడుము ఎత్తున మెల్లగా తేలుచు వచ్చినది. రెక్కలు పైకెత్తి పట్టుకొని, తల వంచి, సాళ్ళను చదువుచున్నట్లు చేనంతయు గాలించినది. మగపక్షి బూడిదరంగు, రెక్కల కొనలు నలుపు. ఆడపక్షి గోధుమరంగు, తోక మొదట తెల్లని పట్టీ. పాతవారు దీనిని పిల్లిగద్ద అందురు. ఆ పేరు పెట్టినవారి చూపు గొప్పది. పిల్లివలె చప్పుడు లేకుండ పొంచి, చటుక్కున దూకును.

పిల్లిగద్దలలో పలు జాతులు కలవు. మన మెట్టపొలములకు వచ్చువానిలో ముఖ్యమైనవి రెండు జాతులు. రెండును కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానములలో పిల్లలను పెంచి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మన దేశము చేరి, మార్చి, ఏప్రిల్ వరకు ఉండును. కోడిపిల్లలకొరకు వచ్చినవని భ్రమపడి కొందరు వీనిని రాళ్ళతో కొట్టుదురు. ఇవి రాత్రి చెట్టుమీద నిద్రింపవు. గడ్డిబీడులో నేలమీదనే గుంపుగా పరుండును. తెల్లవారి అవి కక్కి విడిచిన ఉండలను శాస్త్రజ్ఞులు ఏరి, విప్పి పరీక్షించిరి. వానిలో ఎక్కువగా కనబడినవి మిడుతల కాళ్ళు, రెక్కలు. చిట్టెలుకల, చిన్నపిట్టల ఎముకలు కొంత కలవు. అనగా ఈ గద్ద మన చేలో చేయునది మిడుతలను ఏరివేయు పని.

ఇంతలో ఆ చేని ఆసామి మావద్దకు వచ్చినాడు. అరవై దాటిన మనిషి, భుజముమీద కంబళి, చేతిలో చిన్న కొడవలి.

"ఏం సారూ, పొద్దున్నుంచి సూస్తాండా, పైరు సూడకుండా ఆకాశం కల్లా సూస్తాండారే?" అని పలుకరించినాడు.

"మీ చేలో కూలి లేకుండా పనిచేసేవాళ్ళ లెక్క రాసుకుంటున్నామన్నా" అని చెప్పితిమి.

అతడు నవ్వలేదు. గట్టుమీద కూర్చుండి తన గోడు చెప్పినాడు. "పిట్టల మాట నా కాడ ఎత్తొద్దు సారూ. పోయిన సంవచ్చరం రెండెకరాలు జొన్న పెడితి. కంకి పాలు పట్టినప్పుడు ఎర్రగోరింకలు మందలు మందలుగా వచ్చి దిగె. నేను కొట్టం కాడికి పోయి ఎద్దులకు నీళ్ళు తాపి వచ్చేలోపల కంకులు ఉత్తవైపాయె. ఇంట్లో తినేదానికి కూడా కొనుక్కొచ్చుకుంటిమి. ఈ తూరి గింజలకు మందు కలిపి సల్లేదామని డబ్బా తెచ్చి పెట్టినా."

ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. పక్షులన్నియు రైతుకు మిత్రులేయని వ్రాయువారు జొన్నచేలో కావలి కూర్చున్నవారు కారు. అతని నష్టము నిజము. అయితే అతడు ఆలోచించిన మందు ఆ నష్టమును తీర్చునా, పెంచునా యన్నదియే విచారింపవలసినది.

ఒకే పక్షి – ఇక్కడ దొంగ, అక్కడ కాపరి

అతడు చెప్పిన ఎర్రగోరింక పేరు గులాబి గోరువంక. తల, రెక్కలు, తోక నలుపు, వీపును పొట్టయు లేత గులాబిరంగు. పిల్లపక్షులు మాత్రము మట్టిరంగులోనుండును. జూలై చివరనుండియే మన దేశమునకు వచ్చుట ప్రారంభించి, ఏప్రిల్ వరకు వందలు, వేలు గుంపులుగా తిరుగును. జొన్న పాలుపోసికొను దశలో వీని దాడి తీవ్రముగా ఉండును. అందుకే పూర్వము ఆంగ్లేయులు కూడ దీనిని జొన్నపిట్ట యని పిలిచెడివారు.

ఇదే పక్షి వేసవిలో మధ్య ఆసియా గడ్డిభూములలో గూడు కట్టి పిల్లలను చేయును. అక్కడ దాని ఆహారము మిడుతలు. చైనాదేశపు వాయవ్యమున షింజియాంగ్ అను ప్రాంతము కలదు. అచ్చటి పశువుల కాపరులకు మిడుతలే పెద్ద బెడద. 1980ల నుండి అక్కడి అధికారులు రాళ్ళు పేర్చి, ఇటుకగోడలు కట్టి ఈ గోరువంకలకు గూళ్ళు అమర్చుచున్నారు. ఒక్కొక్క పక్షి దినమునకు నూరుకు పైగా మిడుతలను తినును. మందులు చల్లుటకంటె ఇది చౌకయని వారు గ్రహించిరి. గూళ్ళున్నచోట కట్టడపు పనిని పిల్లలు ఎగిరిపోవువరకు నిలుపుచేసిన సందర్భములు కూడ కలవు.

ఈ సంగతి చెప్పగా మన ఆసామి నమ్మలేదు. "ఆడ తింటే తింటాయేమో, ఈడ మాత్రం జొన్నే" అన్నాడు. అప్పుడే ప్రక్క చేలో గొఱ్ఱెలమంద కదలిపోవుచుండెను. మంద వెనుక నేలమీద నలుబదియో, ఏబదియో ఎర్రగోరింకలు దిగి, గొఱ్ఱెల కాళ్ళకు లేచిన పురుగులను పరుగెత్తి పట్టుకొనుచుండెను. వెనుకనున్నవి ముందున్నవానిమీదుగా ఎగిరి ముందుకు దిగును. చేనంతయు చుట్ట చుట్టినట్లు దొర్లుచు పోయినవి. దుర్భిణి అతనికి ఇచ్చితిమి. చాలసేపు మాటాడకుండ చూచినాడు.

"నోట్లో పచ్చగా ఏందో ఉండాది" అన్నాడు. మరికొంతసేపటికి, "పురుగే" అన్నాడు.

చేనిలో జొన్న లేని రోజులలో అదే గుంపు శనగచేని పురుగును తినుచున్నది. జొన్న పాలుపట్టిన రెండు మూడు వారములు అది దొంగ, మిగిలిన కాలమున కాపరి. దొంగతనము చేయు రోజులలో కావలి కాయవలెనుగాని, కాపరిని చంపరాదు. ఇందులోని కీలకము ఇంతియే.

విషము చల్లిన ఏమగును?

విషపుగింజ గోరింకను ఎంచుకొని చంపదు. కౌజు, గువ్వ, నెమలి, ఇంటికోడి ఏది ముందు తిన్న అదియే చచ్చును. చచ్చిన పక్షిని తిన్న కుక్క, గద్ద కూడ చచ్చును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. దానికి దక్షిణ అమెరికాలో జరిగిన ఒక సంగతి నిదర్శనము.

అర్జెంటీనా దేశములో పొద్దుతిరుగుడు, పశుగ్రాసపు చేలకు ఉత్తర అమెరికానుండి ఒక జాతి డేగలు వలస వచ్చును. వానికి స్వెయిన్సన్ డేగలని పేరు. మన పిల్లిగద్దవలెనే అవియు శీతకాలపు విడిదిలో మిడుతలనే తిని బ్రతుకును. 1995–96లో అక్కడి రైతులు మిడుతలపై మోనోక్రోటోఫాస్ మందు కొట్టిరి. మిడుతలను తినవచ్చిన డేగలు ఆ మందు తగిలి చేలలోనే కూలిపోయినవి. ఆ ఒక్క సీజనులో వేలకొద్ది కళేబరములు లెక్కకు దొరకినవి. చనిపోయినవి మొత్తము 20,000 వరకు ఉండునని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఉచితముగా మిడుతలను తిను సైన్యమును రైతు తన చేతులారనే చంపుకొన్నట్లయినది. పిమ్మట అక్కడ మిడుతలపై ఆ మందు వాడుటను మానిపించిరి. ఈ మోనోక్రోటోఫాస్ మన రైతులకు కొత్తది కాదు. మన దేశములో కూరగాయలపై దానిని వాడరాదని నిషేధము కలదు.

ఈ కథ విని ఆసామి కొంతసేపు నేల చూచినాడు. "మన పిల్లిగద్దలు కూడా అట్లే పోతాయంటారా?" అని అడిగినాడు.

దీనికి జవాబు ప్రక్క జిల్లాలోనే కలదు. పూర్వపు కర్నూలు జిల్లా, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిబీడు బట్టమేకపిట్టకు ప్రసిద్ధి. 1988లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము 614 హెక్టారులు. అక్కడ శీతకాలమున సాయంత్రము పిల్లిగద్దలు వందలుగా చేరి గడ్డిలో నిద్రించెడివి. చుట్టునున్న బీడులు తగ్గి, సాగు మారి, మందుల వాడుక పెరిగిన ఈ నాలుగు దశాబ్దములలో బట్టమేక దాదాపు కనుమరుగైనది. పిల్లిగద్దల గుంపులును చాల పలుచబడినవి. గడ్డి మిగిలినచోట మాత్రము ఇంకను వచ్చుచున్నవి. కాబట్టి సమయము మించిపోలేదు.

రైతులు చేయవలసిన పనులు

1. శనగలో పక్షిస్థావరములు: శనగను పాడుచేయు పచ్చపురుగు మొదట ఆకును, తరువాత కాయను తొలుచును. పైరు నెల దాటకముందే ఎకరాకు 20 చొప్పున పంగలకర్రలు పాతవలెను. కర్ర పైరుకంటె ఒకటి రెండు అడుగులు ఎత్తుండిన చాలును. పసులపోలిగాడు, పాలపిట్ట, గోరువంకలు దానిమీద వాలి, కనబడిన పురుగునెల్ల పట్టును. రాత్రి గుడ్లగూబ వాలి ఎలుకలను పట్టును. తుమ్మకొమ్మలు, ఎండిన కందికట్టెలు ఏవైనను పనికివచ్చును. ఖర్చు లేదు.

2. శనగలో జొన్నసాళ్ళు: చేని చుట్టు నాలుగు వరుసల జొన్న విత్తిన అది గాలికి కొట్టుకొనివచ్చు పురుగుకు అడ్డుగా ఉండును, పక్షులకు సజీవ స్థావరముగాను ఉపయోగించును. ధనియాలు అంతరపంటగా వేసిన పురుగును తిను మేలుచేయు కీటకములు చేరును.

3. మందు చివరిమాట: ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి, రెక్కలపురుగు ఎంత పడుచున్నదో దినదినము చూడవలెను. తొలిదశలో 5 శాతము వేపగింజల కషాయమును, పురుగు పిల్లదశలో ఉండగా దానికి జబ్బుచేయు ఎన్.పి.వి. ద్రావణమును సాయంకాలము పిచికారి చేయవచ్చును. మోతాదు మీ రైతు సేవా కేంద్రములో అడిగి తెలిసికొనవలెను. పక్క చేనివాడు కొట్టినాడని తానును కొట్టుట తగదు.

4. జొన్నకు కావలి: జొన్న పాలుపట్టినది మొదలు గింజ గట్టిపడువరకు గల సుమారు మూడు వారములు అసలైన ప్రమాదకాలము. ఆ దినములలో జొన్నచేలో పంగలకర్రలు ఉండరాదు, పీకివేయవలెను. ఉదయము రెండు మూడు గంటలు, సాయంత్రము రెండు గంటలు మంచెమీదనుండి కావలి కాయవలెను. ఒడిసెల, డబ్బాచప్పుడు, మెరయు రిబ్బను ఈ మూడింటిని మార్చి మార్చి వాడవలెను. ఒకేదానిని వాడిన పక్షి నాలుగు దినములలో దానికి అలవాటుపడును.

5. ఒకేసారి విత్తుట: ఊరిలో ఒక్కరిద్దరే జొన్న వేసిన, లేక ముందు వెనుకలుగా వేసిన, గుంపంతయు ఆ చేనిమీదనే పడును. మన ఆసామికి జరిగినది ఇదియే. అతని చుట్టు ఎటు చూచినను శనగయే, జొన్న అతనిది ఒక్కనిదే. పదిమంది కలసి ఒకే వారములో విత్తిన నష్టము అందరికిని పంచబడి, ఎవరికిని భారముగా ఉండదు. కావలి కూడ వంతులవారీగా కాయవచ్చును.

6. గట్టున గడ్డి: గట్లను, బీడులను నిప్పుపెట్టి తగులబెట్టుట మానవలెను. పిల్లిగద్ద నిద్రించునది అక్కడనే. చేనికొక మూల కొంత గడ్డి విడిచిన పశువులకు మేతయు, అతిథికి పడకయు దక్కును.

గ్రామాధికారులకు ఒక మాట

పక్షిసంరక్షణ అడవిశాఖ పనియని ఊరకుండరాదు. ఊరు తలచిన ఏమి చేయగలదో నాగాలాండ్ రాష్ట్రమువారు చూపినారు. అక్కడ దోయాంగ్ జలాశయమువద్ద అమూరు డేగలను చిన్నజాతి డేగలు అక్టోబరు, నవంబరు నెలలలో లక్షలుగా దిగును. ఇవి సైబీరియా, ఈశాన్య చైనాలనుండి దక్షిణాఫ్రికాకు పోవునవి. 2012లో వలలతో వేలకొద్ది పట్టి చంపుచున్నారని లోకమునకు తెలిసినది. మరుసటి ఏడే, 2013లో, గ్రామసభలు తీర్మానములు చేసి వేటను పూర్తిగా ఆపివేసినవి. ఆ ఏడే యంత్రములు కట్టి విడిచిన డేగలు బంగాళాఖాతము దాటి, మన తెలుగునేల మీదుగా అరేబియాసముద్రమువైపు పోయినట్లు ఉపగ్రహములు చూపినవి. ఒక కొండయూరి తీర్మానము మన ఆకాశమునకు కూడ మేలు చేసినదన్నమాట.

మన కడప జిల్లాకు కూడ ఇట్టి గౌరవము కలదు. 1848లో జెర్డాన్ అను ఆంగ్లేయ వైద్యుడు కనుగొనిన కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని పుస్తకములకెక్కినది. అది 1986 జనవరిలో మన జిల్లాలోనే మరల దొరకినది. పుస్తకము లేదన్న పక్షిని పల్లెవారు ఎరుగుదురు. వారు చెప్పిన ఆనవాళ్ళే వెదకువారికి దారిచూపినవి. కాబట్టి పల్లెవాని కంటిచూపును చిన్నచూపు చూడరాదు.

గ్రామాధికారులు మూడు పనులు చేయవచ్చును. ఒకటి, వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) క్రింద అడవిపక్షులను వలవేసి, విషముపెట్టి చంపుట నేరమని గ్రామసభలో చదివి వినిపించుట. రెండు, చెరువువద్దనో, చేలోనో పక్షులు గుంపుగా చచ్చిపడియున్న, ఎవరును చేతితో తాకకుండ చూచి వెంటనే పశువైద్యునికి తెలుపుట. అది విషము కావచ్చును, పక్షుల ఫ్లూ జ్వరము కావచ్చును. రెండవదైన ఊరి కోళ్ళకు కూడ ముప్పు. మూడు, ఏటేట జనవరిలో ఆసియా దేశములలో జరుగు నీటిపక్షుల లెక్కలో ఊరి బడిపిల్లలను పాల్గొనజేయుట. 1987నుండి ఈ లెక్క జరుగుచున్నది. నవంబరు 12 సలీం అలీగారి జన్మదినము. పిల్లలను చేలకు తీసికొనిపోవుటకు అంతకంటె మంచిదినము లేదు.

సాయంకాలము నీటి ఒడ్డున

పొద్దు వాలువేళకు మైలవరము జలాశయపు ఒడ్డునకు చేరితిమి. బురదలో ఉల్లంకిపిట్టలు ముక్కులు గ్రుచ్చుచు తిరుగుచున్నవి. నీటిమీద సూదివంటి తోకలుగల బాతులు తేలుచున్నవి. దూరమున జేగురురంగు జంట ఒకటి గంభీరముగా పలికినది. అవి జక్కవలు. మన కవులు చక్రవాకములని వర్ణించినవి ఇవియే. లడక్, టిబెట్ ప్రాంతములలో పిల్లలను పెంచి, హిమాలయములు దాటి వచ్చినవి. ఈ పెన్న నీరే నెల్లూరుజిల్లా ఊటుకూరువద్ద సముద్రమును చేరును. ఎండలు ముదిరి ఇక్కడి నీరు తగ్గిన ఈ నీటిపక్షులలో కొన్ని మరొక చెరువునకో, తీరమునకో పోవును. పులికాటులో రాజహంసలను చూచి మెచ్చుకొనువారు ఆ తీరమునకు వెనుక ఇట్టి మెట్టచెరువులు, చేలు కలవని గుర్తుంచుకొనవలెను.

ఆసామియు మావెంట వచ్చినాడు. ఒడ్డున నిలిచి తిరిగి ఇంటికి మరలునప్పుడు మా నోటుపుస్తకమును అడిగి తీసికొని, ఏమి వ్రాసినామో చదివించుకొన్నాడు.

"ఆ డబ్బా అంగడోనికి తిరిగి ఇచ్చేస్తా. తీసుకోకపోతే అట్లే పెడతా, సల్లను" అన్నాడు. "అయితే సారూ, జనవరిలో జొన్న పాలుపట్టేటప్పటికి మీరొక తూరి రావల్ల. మంచె మీద నా పక్కన కూసోని సూడల్ల. అప్పుడు గూడా ఇదే మాట సెప్తారేమో సూస్తా."

వచ్చెదమని మాట ఇచ్చితిమి. జనవరిలో పోయితిమి కూడ. ఈ తూరి చుట్టుప్రక్కల మరి నలుగురు అతనితోపాటు జొన్న వేసియుండిరి. ఐదు చేలకు ఐదు మంచెలు. ఉదయమంతయు ఒడిసెల త్రిప్పి త్రిప్పి మా భుజములు నొచ్చినవి. ఎర్రగోరింకలు వచ్చినవి, కొంత తినినవి కూడ. పూర్తిగా ఆపితిమని చెప్పిన అబద్ధమగును. అయితే కోతనాటికి అతని ఇంటికి సరిపడు జొన్న ఇల్లు చేరినది. ప్రక్క శనగచేలో పంగలకర్రలమీద పసులపోలిగాళ్ళు కూర్చుండియేయున్నవి. పిల్లిగద్ద ఎప్పటివలెనే సాళ్ళు గాలించుచుండెను.

రైతు సోదరులారా, నేలను పరీక్ష చేయించుట, విత్తనమును పరీక్ష చేయించుట ఎట్లు వ్యవసాయములో భాగమో, చేలో వాలినదెవరో కనుక్కొనుట కూడ అట్లే. దానికి పెట్టుబడి ఒక దినము, ఒక నోటుపుస్తకము. ఈ కార్తీకములో ఒక ఉదయము మీ చేని గట్టుమీద కూర్చుండుడు. ఏ పిట్ట వచ్చినది, నోట ఏమి పట్టుకొన్నది, ఎన్నిమారులు దిగినది వ్రాసికొనుడు. మందుడబ్బా మూత తీయుటకు ముందు ఆ కాగితమును ఒకమారు చదువుకొనుడు.